యాత్రికుడు వచ్చిన ఊరు



నేటి ప్రసంగమున నేను ముచ్చటింపబూనిన విషయము యాత్ర. యాత్ర యనగానే మనలో కొందఱకు కాశీయు రామేశ్వరమును, కొందఱకు మక్కాయు, మఱి కొందఱకు గుణదల కొండయు మనసున మెదలును. యాత్రకు పోవువానికి కలుగు పుణ్యమును గూర్చి పురాణములును పెద్దలును చాల చెప్పియున్నారు. నేను చెప్పదలచినది పోవువానిని గూర్చి కాదు. వచ్చినవానిని ఆదరించు గ్రామమును గూర్చి. పరమతస్థుడొకడు యాత్రికుడై మన పొలిమేర దాటి వచ్చినపుడు, ఆ ఊరిలో నున్న వేర్వేరు మతములవారి నడుమ ఏమి జరుగును? వారు దగ్గఱకు వత్తురా, దూరమగుదురా? ఈ దినములలో ప్రభుత్వములు గ్రామ పర్యాటకమను పేర పట్టణవాసులను, పరదేశస్థులను పల్లెలకు రప్పింప యత్నించుచున్నవి. కావున ఈ ప్రశ్నకు చరిత్ర యేమి సమాధానము చెప్పుచున్నదో తెలిసికొనుట మనకు అక్కఱకు వచ్చును.

పూర్వపు బాటసారి స్థితిని ముందుగా తలచుకొందము. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 వ సంవత్సరము మే నెలలో పరివారముతో బయలుదేరి, తిరుపతి, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము మీదుగా కాశీకి పోయి, గయను, పురీక్షేత్రమును సేవించి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరిరి. ఆ ప్రయాణ వృత్తాంతము కాశీయాత్ర చరిత్ర యను పేర 1838 లో అచ్చుపడినది. అందు దేవాలయముల వర్ణన యున్నట్లే మజిలీల వర్ణనయు నున్నది. ఏ ఊర నీరు మంచిది, ఎచట అంగళ్ళున్నవి, దిగుటకు చోటెచట దొరకును అను సంగతులను వారు శ్రద్ధతో వ్రాసియుంచిరి. ఆ పుటలు తిరుగవేసినచో ఒక సత్యము బోధపడును. ఎంతటి ధనవంతుడైనను, ఎంతటి ఆచారపరుడైనను, దారి బట్టిన తరువాత ఊళ్ళ దయమీద ఆధారపడినవాడే. పల్లకి మోయువాడు, ఏరు దాటించువాడు, కట్టెలు తెచ్చువాడు, త్రోవ చూపువాడు, ఇందఱి చేతులు పడినగాని యాత్ర సాగదు.

ఇది యాత్రికుని వైపు సంగతి. ఊరి వైపునుండి చూచినచో మఱియొక సంగతి కనబడును. వచ్చినవారికి వసతి యమర్చుట ఒక కులముతోనో ఒక మతముతోనో తీరు పని కాదు. అందుకు ఊరెల్ల కదలవలెను. ఇందుకు మన పీర్లపండుగకంటె మంచి నిదర్శనము లేదు. మొహరము నెలలో తెలుగు పల్లెలలో అనేకములందు పీర్లచావిడి తెఱచి, పెట్టెలోనుండి పీర్లను దీసి, శుభ్రపఱచి, వస్త్రములు చుట్టి నిలుపుదురు. చావిడి ముందు గుండము త్రవ్వి నిప్పు రాజవేయుదురు. పదవనాడు పీర్లను ఊరేగించి నీటి యొడ్డునకు కొనిపోవుదురు. ఫాతెహా చదువువాడు మహమ్మదీయుడు. పీరునెత్తువారిలో, గుండమునకు కట్టెలు తోలువారిలో, పీరు వచ్చు త్రోవలో బిందెలతో నీరు వారబోయు స్త్రీలలో హిందువులు ఎందఱో. ఊరిలో ఒకటి రెండు మహమ్మదీయ కుటుంబములే యున్నను ఈ పండుగ ఆగదు. వారు లేని ఊళ్ళలో హిందువులే దానిని నడపుట కూడ కలదు.

అనంతపురము జిల్లా నార్పల మండలములోని గూగూడు ఇట్టి గ్రామములలో పేరుగన్నది. అచట వెలసిన పీరునకు కుళ్ళాయిస్వామి యని పేరు. ఆ ఊరి యాంజనేయస్వామిని, కుళ్ళాయిస్వామిని భక్తులు జంటగా కొలుతురు. మొహరము దినములలో రాయలసీమ నుండియే కాక కర్ణాటకమునుండియు వేలకొలది జనులు వత్తురు. వచ్చువారిలో హిందువులే అధికులు. ఉపవాసముండి, గుండము త్రొక్కి, మ్రొక్కుబడి చెల్లించి, పుట్టిన బిడ్డకు కుళ్ళాయప్ప యని పేరుపెట్టి పోవుదురు. ఈ పండుగను గూర్చి మన తెలుగు కవియు పండితుడునైన అఫ్సర్ మహమ్మదుగారు 2013 లో ఆంగ్లమున నొక గ్రంథమును ప్రకటించిరి. చిన్న పల్లె యొకటి దేశాంతరములలోని విద్యాపీఠములవారు చదువదగిన విషయమైనది.

పేరుల సంగతి వచ్చినది గనుక ఒకమాట. రాయలసీమలోను నెల్లూరు సీమలోను హిందూ కుటుంబములలో మస్తానయ్య, మస్తానమ్మ, హుస్సేనప్ప, ఫకీరప్ప యను పేరులు వినుచుందుము. ఒకే తల్లి బిడ్డలలో ఒకడు పెంచలయ్య, ఒకడు మస్తానయ్య యగుట వింత కాదు. ఈ పేరులను ఏ సభయు తీర్మానింపలేదు, ఏ బోధకుడును ఉపదేశింపలేదు. ఒకప్పుడు ఏ తల్లియో బిడ్డకొఱకు దర్గాకు నడచిపోయినది. అచటివారు ఆమెకు చోటిచ్చిరి. ఆ కృతజ్ఞత పేరై నిలిచినది. యాత్రకు ఇంతకంటె చెఱగని శాసనము వేఱొకటి యుండునా?

నెల్లూరులో స్వర్ణాలచెఱువు గట్టున బారాషహీదు దర్గా యున్నది. యుద్ధమున ప్రాణములర్పించిన పన్నిద్దఱు వీరుల సమాధులచట నున్నవని ప్రతీతి. మొహరము మాసమున అచట రొట్టెల పండుగ జరుగును. విద్య గోరువారు విద్యారొట్టె, సంతానము గోరువారు సంతానరొట్టె, ఆరోగ్యము గోరువారు ఆరోగ్యరొట్టె పుచ్చుకొందురు. కోరిక నెఱవేరినవారు మరుసటి యేడు వచ్చి అట్టి రొట్టెనే కోరువారికి పంచిపెట్టుదురు. ఇది చెఱువు నీటిలో నిలువబడి చేయవలసిన పని. 2015 లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు దీనిని రాష్ట్రపు పండుగగా ప్రకటించిరి. ఈ యాచారములోని నేర్పు గమనింపుడు. మోకాటిలోతు నీటిలో నిలిచినవాడు ప్రక్కవానిని నీదే మతమని యడుగడు. నీకు నెఱవేరిన కోరిక యేదని యడుగును. ఇచ్చువాడు నిరుడు పుచ్చుకొన్నవాడే. పుచ్చుకొన్నవాడు మరియేట ఇచ్చువాడగును. దానమందుండు అహంకారమిందు లేదు, యాచనయందుండు చిన్నతనమును లేదు.

కడపలో మఱియొక విధమైన బంధుత్వము కనబడును. దేవుని కడపలోని లక్ష్మీ వేంకటేశ్వరస్వామి యాలయమునకు తిరుమలకు తొలిగడప యని ప్రసిద్ధి. ఉగాదినాడు మహమ్మదీయ కుటుంబములవారు కొబ్బరికాయలతో అచటికి వచ్చి స్వామిని దర్శించి పోవుట ఆనవాయితీ. బీబీ నాంచారమ్మ తమ యింటి యాడపడుచని, కావున వేంకటేశ్వరుడు తమ యల్లుడని వారు చెప్పుకొందురు. ఈ కథకు చరిత్రాధారములు వెదకువారు వెదకుకొనవచ్చును. నాకు ముఖ్యమనిపించునది వారు ఎన్నుకొన్న చుట్టఱికము. పండుగనాడు అల్లుని చూడబోవుట మర్యాద. పోకున్న లోకము నవ్వును. సహనమను పెద్దమాటకంటె ఈ చిన్న వరుస గట్టిది. ఏలయన, సహించువాడు ఒకనాటికి విసుగును. చుట్టము అలిగినను మరల రాక తప్పదు.

క్రైస్తవ క్షేత్రముల సంగతియు నిట్టిదే. బెజవాడకు చేరువనున్న గుణదల కొండపై 1924 లో ఆర్లాటి యను ఇటలీ దేశపు గురువు మరియమాత ప్రతిమను నిలిపెను. ఫిబ్రవరిలో జరుగు ఉత్సవమునకు పల్లెలనుండి అన్ని మతములవారును వత్తురు. తలనీలాలిత్తురు, కొబ్బరికాయలు గొట్టుదురు. పరదేశమునుండి వచ్చిన భక్తి మన దేశపు నడవడిని చేకొన్నది. ఆ 1924 లోనే డిసెంబరు 25 వ తేదీన మెదకు పట్టణమున పోస్నెట్టు దొరగారు కట్టించిన మహాదేవాలయమునకు ప్రతిష్ఠ జరిగినది. కఱవున అలమటించు జనులకు పని కల్పించి, కూలిగా అన్నము పెట్టుచు ఆ నిర్మాణమును సాగించిరని ప్రసిద్ధి. నేటికిని ఆ గోపురమును చూడవచ్చువారిలో అన్ని మతములవారును గలరు.

ఇంతవఱకు వినినవారు, మన ఊళ్ళలో ఏ లోపమును లేదు గదా, ఇక చెప్పవలసినదేమున్నదని తలపవచ్చును. ఇచటనే మనము జాగ్రత్తపడవలెను. జనులు కూడినచోట స్నేహమే పుట్టునను నియమము లేదు, కలహమును పుట్టవచ్చును. మద్రాసు రాజధానిలోని సేలము పట్టణమున 1882 లో దేవుని ఊరేగింపు పోవు వీథిలో మసీదు నిర్మాణమును గూర్చి తగవు లేచి, అది పెద్ద కొట్లాటయై, ప్రాణములు పోయినవి. తరతరములుగా ఒకే వీథిలో నుండినవారే ఒకరి గుమ్మమునొకరు విఱుగగొట్టిరి. ఉత్సవమునకు వచ్చిన జనసమూహము ఆ కలహమున మంటకు గాలియైనదే గాని నీరు కాలేదు.

అంతకంటె దగ్గఱి యుదాహరణము మన తెలంగాణమున నున్నది. 1948 లో హైదరాబాదు సంస్థానమున రజాకార్లు గ్రామములపై బడి చేసిన ఘోరములు వృద్ధులు మఱవలేదు. ఆ యేడు ఆగస్టులో భైరాన్‌పల్లిలో జరిగిన వధ వానిలో నొకటి. సెప్టెంబరులో భారతసైన్యము ప్రవేశించిన పిమ్మట, ముఖ్యముగా ఆ సంస్థానపు మరాఠీ, కన్నడ జిల్లాలలో, నిరపరాధులైన మహమ్మదీయులు వేలకొలదిగా హతులైరి. ప్రధాని నెహ్రూగారు సంగతి విచారించుటకై పండిత సుందరలాలు మొదలగువారిని పంపిరి. వారు ఆ యేటి నవంబరు, డిసెంబరు నెలలలో పర్యటించి, మరణించినవారు 27,000 నుండి 40,000 వఱకు నుందురని అంచనా కట్టిరి. ఆ నివేదిక చాలకాలము వెలుగు చూడలేదు. ఆ సంస్థానములోను పీర్లపండుగలు జరిగినవి, ఉర్సులు జరిగినవి, జాతరలు జరిగినవి. అయినను ఇట్లేల జరిగినది? పండుగనాటి చెలిమి ఒక్కటియే కత్తినాపజాలదని మనము ఒప్పుకొనవలెను.

అయితే ఆ నివేదికలోనే మన చీకటిలో దీపమువంటి మాట యొకటి కలదు. హిందువులు తమ ప్రాణములకు తెగించి మహమ్మదీయులను కాపాడిన చోట్లు పెక్కులు తమకు కనబడినవని వారు వ్రాసిరి. ఒకే వృత్తి చేయువారిలో ఈ యాప్యాయము అధికముగా నుండెననియు, హిందూ నేతగాండ్రు మహమ్మదీయ నేతగాండ్రకు అడ్డు నిలిచి రక్షించిరనియు, ఆ ప్రయత్నమున తాము ప్రాణములు గోల్పోయిన వారును గలరనియు చెప్పిరి. అయ్యలారా, నేనీ ప్రసంగమున చెప్పదలచినదంతయు ఇందులో నిమిడియున్నది. ఒకే పండుగ చూచినవారు విడిపోవచ్చును. ఒకే పని చేయువారు అంత సులభముగా విడిపోరు. ఒకని నూలు మఱియొకని మగ్గమునకు పోవలెను. వాని బట్ట వేఱొకని మూటలో సంతకు పోవలెను. వీడు లేనిది వానికి కూడు లేదు. ఈ యెఱుక గుండెలో నున్నవాడు పుకారు విన్నవెంటనే కఱ్ఱ పట్టుకొనడు. అది నిజమా యని ముందు అడుగును.

కావున యాత్రికుని రాక ఊరికి మేలు చేయునా, కీడు చేయునా యనుటకు కొలత ఇదియే. అతనిని ఆదరించు పని అందఱి చేతులలో పడినచో మేలు. ఒకరి గుప్పిటిలో పడినచో కీడు. పూర్వపు సత్రములను మనము పొగడుదుము గాని వాని లోపమును దాపనక్కఱలేదు. అనేక సత్రములలో పంక్తులు కులము ననుసరించి వేఱుగా నుండెడివి. అంటరానివారని పేరు పెట్టబడినవారికి గుమ్మమే తెఱువబడలేదు. మసీదునకు గుడికి నడుమ స్నేహము గూర్చి మాటలాడుచు, ఊరి వెలుపల నివాసమున్నవానిని మఱచినచో అది సగము సామరస్యమే.

ఈ సందర్భమున పోచంపల్లిని స్మరింపక తప్పదు. 1951 ఏప్రిలు 18 వ తేదీన ఆచార్య వినోబాభావేగారు కాలినడకను ఆ గ్రామమునకు వచ్చిరి. తెలంగాణ మప్పుడు సాయుధపోరాటముచే అట్టుడుకుచుండెను. వారు హరిజనవాడకు పోయి, మీకేమి కావలెనని యడిగిరి. నలువది కుటుంబములకు ఎనుబది యెకరములు కావలెనని వారు చెప్పగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు నూఱు ఎకరములిచ్చుటకు లేచి నిలువబడిరి. భూదానోద్యమమట్లు పుట్టినది. ఆ వినోబాగారే అరబ్బీ నేర్చి ఖురానును అధ్యయనము చేసి, దాని సారమును గ్రంథముగా కూర్చినవారు. వచ్చిన యాత్రికుడు గ్రామమును చూచి పోలేదు. గ్రామమును ప్రశ్నించెను, గ్రామము చెప్పినది వినెను. అదే పోచంపల్లిని 2021 లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థవారు ప్రపంచమందలి ఉత్తమ పర్యాటక గ్రామములలో నొకటిగా ఎన్నిరి. ఇప్పుడు జనులు అచటికి మగ్గము మీది పట్టును చూడబోవుచున్నారు. చేతిపని యాత్రికుని రప్పించుట మంచి శకునము. ఏలయన, పనికి మతము లేదు. రంగు కట్టిన దారము అన్ని చేతులకును లొంగును.

మీ గ్రామములకు అట్టి సందర్శకులు రేపు రావచ్చును. పురాతన కోట యుండవచ్చును, దర్గా యుండవచ్చును, గుడి యుండవచ్చును, ఒక చెఱువే యుండవచ్చును. ముందుగానే పెద్దలు కూర్చుండి కొన్ని కట్టుబాట్లు చేసికొనుట మేలని నా మనవి.

మొదటిది, పని పంపకము. బస యిచ్చువారు, వండిపెట్టువారు, బండి తోలువారు, ఊరు చూపువారు అన్ని వాడలనుండియు నుండవలెను. దేవుని మాన్యపు గదిలో దిగినవానికి దూదేకులవారి యింట భోజనమో, క్రైస్తవపేటలో ఫలహారమో అమర్చినచో, వచ్చినవానికంటె ముందు ఊరివారే ఒకరి గుమ్మమొకరు త్రొక్కుదురు.

రెండవది, లెక్క. వచ్చిన రాబడి యెంత, ఎవరికెంత చేరినది యను సంగతి నెలకొకసారి రచ్చబండ కడ అందఱు వినునట్లు చదువవలెను. ఊళ్ళలో మతకలహమని పేరుపడిన తగవులు పెక్కింటికి మూలము శోధించినచో, అంగడి స్థలమో, మాన్యపు భూమియో బయటపడును.

మూడవది, దారి. ఏ దేవుడు ఏనాడు ఏ వీథిని పోవునో, వాద్యములెచట నాగవలెనో, రెండు పండుగలొకే దినమున పడినచో ఎవరు ముందో, ముందుగా వ్రాసికొని ఇరువైపుల పెద్దలు చేవ్రాలు చేయవలెను. సేలము కథ మనకు నేర్పిన పాఠమిది. జనము కూడిన తరువాత మాటలాడుకొనుట కష్టము.

నాలుగవది, కథ. ఊరి చరిత్రను యాత్రికునికి చెప్పువాడు ఒకరిని నాయకులుగా, ఒకరిని దుష్టులుగా చేసి చెప్పరాదు. జరిగిన ఘోరమును దాపనక్కఱలేదు. కాని కాపాడినవాని కథ కూడ దానితో చెప్పవలెను. దర్గా కథను గుడి పూజారియు, గుడి కథను దర్గా ముజావరును చెప్పగలిగిన నాడు ఆ ఊరు యాత్రాస్థలమగుటకు తగినదని నేనందును.

ఐదవది, మర్యాద. వచ్చువాడు భక్తుడు కాకపోవచ్చును, వినోదమునకై రావచ్చును. పీరు ముందు ఏడ్చు స్త్రీని, మ్రొక్కు తీర్చుకొను వృద్ధుని చిత్రపటములు తీయుటకు వారి యనుమతి కావలెనని నిర్మొగమాటముగా చెప్పుడు. అతిథి దేవుడే, కాని ఇంటి గుట్టు ఇంటివారిది.

పెద్దలారా, పది ఊళ్ళనుండి జనులు వచ్చు ఊరికి ఒక సిగ్గు ఏర్పడును. మనలో మనము కొట్టుకొన్నచో వచ్చినవారు ఏమనుకొందురను జంకు అది. ఆ జంకు లోకుల భయము వంటిదని కొందఱు తేలికగా తీసివేయుదురు. నేనట్లనను. చట్టము చేరని పల్లెలలో పెక్కుమార్లు ధర్మమును నిలిపినది ఆ సిగ్గే. దానికి కలిసి చేయు పని తోడైనచో, పుకారు పుట్టిన రాత్రి ఎవని గుమ్మమున ఎవడు కాపలా నిలుచునో ముందే తేలిపోవును.

వచ్చే ఉగాదినాటికో, మొహరము నాటికో, మీ చావిడి యొద్ద ఈ మాటలను ఒకసారి చర్చింపుడు.